ఫ్లూ జ్వరం: ఇంట్లోనూ, పనిచోటా తోటివారి హక్కు

 

వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యే రోజుల్లో మన కృష్ణా డెల్టాలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట వినిపిస్తుంది. ఒళ్ళు నొప్పులు, ముక్కు కారడం, గొంతు మంట, విడవని దగ్గు. ఇంట్లో ఒకరికి వస్తే వారం తిరగకముందే నలుగురికీ వస్తుంది. మన పెద్దలు దీన్ని 'నజ్లా, జుకామ్' అంటారు. బజారులో 'వైరల్ జ్వరం' అంటారు. డాక్టర్లు ఇన్‌ఫ్లుయెంజా అనీ, క్లుప్తంగా ఫ్లూ అనీ అంటారు.

రోగం వచ్చినప్పుడు మందు వేసుకోవడం మన శరీరానికి మనం ఇవ్వవలసిన హక్కు. మన రోగం పక్కవారికి అంటకుండా జాగ్రత్తపడటం తోటి దాసుల హక్కు. అది 'హుఖూఖుల్ ఇబాద్'లో చేరుతుంది. మొదటి హక్కును మనం చాలావరకు పాటిస్తున్నాము. రెండవది మాత్రం ఒక హక్కు అన్న సంగతే చాలామందికి తట్టదు. జ్వరంతోనే దుకాణంలో కూర్చుంటాము. దగ్గుతూనే సఫ్‌లో నిలబడతాము. ముక్కు తుడుచుకున్న చేత్తోనే ముసాఫహా చేస్తాము. పైగా దాన్ని ఓర్పు అనీ, తవక్కుల్ అనీ అనుకుంటాము. ఈ విషయంలో షరీఅత్ ఏమి నేర్పుతోందో, ఇంట్లోనూ పనిచోటా ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ఫ్లూ అంటే ఏమిటి?

ఫ్లూ ఒక వైరస్ వల్ల వచ్చే జ్వరం. మామూలు పడిశం మెల్లగా మొదలై ముక్కు వరకే ఆగిపోతుంది. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడతాడు. తీవ్రమైన జ్వరం, వణుకు, తలనొప్పి, కండరాల నొప్పి, పొడి దగ్గు, నీరసం ఒక్కసారిగా వస్తాయి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే తుంపరల ద్వారా ఇది పక్కవారికి చేరుతుంది. ఆ తుంపరలు పడిన గ్లాసునో, తలుపు గడియనో, సెల్‌ఫోనునో ముట్టుకొని ఆ చేత్తో కళ్ళు, ముక్కు, నోరు తాకినా అంటవచ్చు. నున్నగా ఉండే గట్టి వస్తువులపై ఈ వైరస్ ఒకటి రెండు రోజులదాకా బతకగలదు.

మరో ముఖ్య విషయం గమనించండి. వైరస్ శరీరంలో ప్రవేశించిన 1 నుండి 4 రోజుల్లో జ్వరం బయటపడుతుంది. కాని లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందునుంచే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. ఆ తర్వాత ఐదు నుండి ఏడు రోజులదాకా అంటిస్తూనే ఉంటాడు. పిల్లలు ఇంకా ఎక్కువ రోజులు అంటించవచ్చు. అందుకే జబ్బు పడ్డాక తీసుకునే జాగ్రత్తలు ఒక్కటే చాలవు. చేతులు కడుక్కోవడం, తుమ్ముకు అడ్డు పెట్టుకోవడం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే అలవాటు కావాలి.

ఎక్కువమందికి ఇది వారంలో తగ్గిపోతుంది. కాని అందరికీ అంత తేలికగా పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 30 నుండి 50 లక్షలమందికి ఫ్లూ తీవ్రంగా వస్తుంది. 2 లక్షల 90 వేల నుండి 6 లక్షల 50 వేలమంది దానివల్ల ఊపిరి సంబంధమైన ఇబ్బందులతో చనిపోతున్నారు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911 నుండి 1921 వరకు గడిచిన పదేళ్ళలో దేశ జనాభా పెరగవలసింది పోయి తగ్గిందంటే ఆ విపత్తు ఎంతటిదో ఊహించండి. 2009లో స్వైన్‌ఫ్లూ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు మన దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. విదేశంనుంచి విమానంలో వచ్చిన ప్రయాణికునిలో దాన్ని గుర్తించారు. ఇప్పుడు ఆ రకం వైరస్ మామూలు ఫ్లూ వైరస్‌లలో ఒకటిగా కలిసిపోయి ఏటా తిరుగుతోంది. మన దేశంలో జనవరి నుండి మార్చి వరకు ఒకసారి, వానాకాలం చివర మరొకసారి ఫ్లూ ఎక్కువవుతుంది.

రోగం అంటుకుంటుందా? మన అఖీదా ఏమిటి?

కొందరు సోదరులు "అంటువ్యాధి అనేదే లేదని హదీసులో ఉంది కదా, మరి ఈ జాగ్రత్తలెందుకు?" అని అడుగుతుంటారు. ఇది సరిగా అర్థం చేసుకోవలసిన విషయం.

అజ్ఞానకాలపు అరబ్బులు రోగం తనంతట తానే, తన సొంత శక్తితో ఒకరినుంచి మరొకరికి పాకుతుందని నమ్మేవారు. దైవప్రవక్త (స) ఆ నమ్మకాన్ని ఖండించారు. ఆరోగ్యంగా ఉన్న తన ఒంటెల మందలో గజ్జి పట్టిన ఒంటె ఒకటి చేరగానే మిగతావాటికీ గజ్జి వస్తోందని ఒక పల్లెవాసి అడిగాడు. మరి మొదటి ఒంటెకు ఎవరు అంటించారని ఆయన (స) తిరిగి ప్రశ్నించారు (బుఖారీ, ముస్లిం). అంటే కారణాలను సృష్టించినవాడూ అల్లాహ్‌యే, వాటికి ప్రభావాన్ని ఇచ్చేవాడూ అల్లాహ్‌యే. ఇది అఖీదా.

అదే ప్రవక్త (స) జబ్బుపడిన ఒంటెలవాడు తన ఒంటెలను ఆరోగ్యమైన ఒంటెల దగ్గరకు తోలుకు రాకూడదని కూడా ఆదేశించారు. ఈ హదీసు కూడా బుఖారీ, ముస్లిం గ్రంథాలలోనే ఉంది. సఖీఫ్ తెగ ప్రతినిధులతో ఒక కుష్ఠు రోగి వచ్చినప్పుడు ఆయన (స) అతని చేయి పట్టుకోలేదు. అతని బైఅత్ స్వీకరించామని, ఇక తిరిగి వెళ్ళవచ్చని కబురు పంపారు (ముస్లిం). అతను కోరి వచ్చిన గౌరవం అతనికి దక్కింది. మిగతా జనానికి రక్షణా దొరికింది. ఇది ఆచరణ. అఖీదా, ఆచరణ ఒకదానికొకటి విరుద్ధం కావని ఉలమాలు వివరించారు. ప్రభావం చూపేది అల్లాహ్ ఆజ్ఞ. కారణానికి దూరంగా ఉండటం కూడా అల్లాహ్ ఆజ్ఞే.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో సిరియాలో ప్లేగు చెలరేగింది. ఆయన సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరగానే ఈ వార్త తెలిసింది. ముహాజిర్లతోనూ, అన్సార్లతోనూ, ఖురైష్ పెద్దలతోనూ సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. "అల్లాహ్ విధివ్రాతనుంచి పారిపోతున్నారా?" అన్న అర్థంలో హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక విధివ్రాతనుంచి మరో విధివ్రాత వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయకు రెండు గట్లుండి, ఒకటి పచ్చగా, ఒకటి బీడుగా ఉంటే, ఒంటెల్ని ఏ గట్టున మేపినా అల్లాహ్ విధి ప్రకారమే మేపినట్టు కదా అని ఉదాహరణ చెప్పారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దనీ, మీరున్న ఊళ్ళో ప్లేగు వస్తే అక్కడినుంచి పారిపోవద్దనీ ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు (బుఖారీ, ముస్లిం).

ఈ ఆదేశంలో రెండు వైపులున్నాయి. ఆరోగ్యవంతుడు తనను కాపాడుకోవాలి. రోగమున్న చోట ఉన్నవాడు దాన్ని బయటికి మోసుకుపోకూడదు. ఫ్లూ విషయంలో మనం ఎక్కువగా మరచిపోయేది ఈ రెండవదే.

ఒక రోగిష్ఠి స్త్రీ నేర్పిన పాఠం

ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ ముఅత్తాలో ఒక సంఘటన నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో కుష్ఠు రోగం ఉన్న ఒక స్త్రీ కాబా చుట్టూ తవాఫ్ చేస్తోంది. ఆయన ఆమెను అల్లాహ్ దాసీ అని మృదువుగా సంబోధించి, జనానికి బాధ కలిగించవద్దనీ, ఇంట్లో కూర్చుంటే బాగుంటుందనీ చెప్పారు. ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. ఉమర్ (రజి) మరణించాక ఒకతను వచ్చి, నిన్ను వారించిన మనిషి ఇక లేరు, బయటికి రావచ్చునన్నాడు. ఆయన బతికి ఉన్నప్పుడు మాట విని, చనిపోయాక మాట తప్పేదాన్ని కానని ఆమె జవాబిచ్చింది.

ఆలోచించండి! ఆమె ఉన్నది అల్లాహ్ గృహం దగ్గర. చేస్తున్నది తవాఫ్. అంతటి ఆరాధన కూడా ఇతరులకు హాని కలిగేటప్పుడు ఇంట్లో ఉండటానికి అడ్డు కాలేదు. ఎవరూ చూడకపోయినా, ఎవరూ అడగకపోయినా ఆమె ఆ హక్కును చెల్లించింది. నాలుగు రోజుల జ్వరానికి దుకాణం మూయలేకపోతున్న మనం ఆమెనుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

తుమ్ములో ఉన్న మర్యాదలు

ప్రవక్త (స) తుమ్మేటప్పుడు చేతినిగాని, వస్త్రాన్నిగాని ముఖానికి అడ్డు పెట్టుకొని శబ్దం తగ్గించేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). ఈ సున్నత్‌ను మన పిల్లలకు మాట నేర్చేనాటినుంచే అలవాటు చేయాలి. చేతి రుమాలు, దుపట్టా కొంగు, ఏదీ లేకపోతే మోచేతి మడత అడ్డు పెట్టుకోవాలి. అరచేయి అడ్డు పెట్టుకుంటే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. ఎందుకంటే ఆ చేయే తర్వాత గ్లాసును, తలుపును, ఎదుటివారి చేతిని తాకుతుంది.

తుమ్మినవారు అల్‌హమ్దులిల్లాహ్ అంటే విన్నవారు యర్‌హముకల్లాహ్ అనడం మనకు తెలిసిందే. ఇక్కడ మరో హదీసు ఉంది. ఒక వ్యక్తి ప్రవక్త (స) సన్నిధిలో తుమ్మితే ఆయన (స) దుఆ ఇచ్చారు. అతను మళ్ళీ తుమ్మాడు. ఇతనికి జలుబు చేసిందని ఆయన (స) అన్నారు. దీన్ని హజ్రత్ సలమా బిన్ అక్వఅ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). మామూలు తుమ్ము వేరు, జబ్బు తుమ్ము వేరు అని గుర్తించడం దీనిలో మనకు కనబడుతుంది. జబ్బు అని తెలిశాక దానికి తగిన జాగ్రత్త కూడా అవసరమవుతుంది.

ఇంట్లో ఏమి చేయాలి?

1. రోగికి వేరే గది ఉంటే అక్కడ పడుకోబెట్టండి. ఒకే గది ఉన్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు కిటికీ దగ్గర మంచం వేసి, మిగతావారు కనీసం రెండు మూరల ఎడం కాక, ఆరడుగుల దూరంలో తల వేరే వైపు పెట్టుకొని పడుకోవాలి. చలి అని కిటికీలన్నీ బిగించకూడదు. గాలి ఆడని గదిలో రోగం త్వరగా పాకుతుంది.

2. రోగి గ్లాసు, పళ్ళెం, తువ్వాలు, దిండు వేరుగా ఉంచండి. పారవేయనక్కరలేదు. సబ్బుతోనో, వేడినీళ్ళతోనో కడిగితే చాలు. తాగే పాత్రలో ఊపిరి వదలరాదని ప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). ఒకే పళ్ళెంలో కలిసి తినడంలో శుభం ఉంది. కాని జ్వరం ఉన్న నాలుగు రోజులు రోగికి వేరే వడ్డించడం సున్నత్‌కు విరుద్ధం కాదు.

3. సేవ చేసేవారు ఒక్కరే ఉంటే మంచిది. మన ఇళ్ళలో ఆ భారం ఎప్పుడూ అమ్మపైనో, కోడలిపైనో పడుతుంది. ఆమె గర్భిణి అయితేగాని, చంటిబిడ్డ తల్లి అయితేగాని ఆ సేవ ఇంటిలోని మగవారు తీసుకోవాలి. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివారి పనుల్లో పాలు పంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). గర్భిణులకు ఫ్లూ తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ.

4. తల్లికే ఫ్లూ వస్తే బిడ్డకు పాలు మాన్పించవద్దు. ముక్కు, నోటికి మాస్కుగాని, శుభ్రమైన గుడ్డగాని కట్టుకొని, చేతులు కడుక్కొని పాలివ్వాలి.

5. నిద్ర లేవగానే చేతులు కడగకుండా పాత్రలో ముంచరాదన్నది హదీసు (బుఖారీ, ముస్లిం). వుజూలో చేతులు, నోరు, ముక్కు శుభ్రం చేయడం మనకు రోజుకు ఐదుసార్లు దొరికిన వరం. అయితే వుజూ నీళ్ళు ఒక్కటే సరిపోతాయనుకోకండి. ఫ్లూ కాలంలో సబ్బుతో 20 సెకన్లపాటు వేళ్ళ సందులు, గోళ్ళ మూలలు రుద్ది కడుక్కోవాలి.

6. అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల దగ్గరకు జబ్బు పిల్లల్ని పంపకండి. 65 ఏళ్ళు దాటినవారు, ఐదేళ్ళలోపు పిల్లలు, షుగరు, ఆయాసం, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

7. రోగిపై దుఆలు చదివి ఊదే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఊదేవారికే జలుబు ఉంటే ఊదకుండా చదివి దుఆ చేస్తే చాలు. ప్రవక్త (స) చివరి అస్వస్థతలో హజ్రత్ ఆయిషా (రజి) ముఅవ్విజాత్ సూరాలు చదివి, ఆయన (స) చేతినే ఆయన (స) శరీరంపై తడిమేవారు (బుఖారీ).

మస్జిదులోనూ, మక్తబులోనూ

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). తోటి నమాజీలకు బాధ కలిగించే ప్రతిదానికీ ఈ ఆజ్ఞ వర్తిస్తుందని ఇమామ్ ఇబ్ను అబ్దుల్ బర్ర్ (రహ్మ) వంటి ఉలమాలు వివరించారు. వాసనకే ఇంత నియమం ఉన్నప్పుడు జ్వరంతో దగ్గుతూ సఫ్‌లో నిలబడటం గురించి చెప్పేదేముంది? జమాఅత్ వదలవలసి వచ్చిందని బాధపడకండి. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటిపట్టున ఉన్నప్పుడు చేసే పుణ్యకార్యాల ప్రతిఫలం అతనికి వ్రాయబడుతూనే ఉంటుందని హదీసు (బుఖారీ).

హదీసువేత్త హాఫిజ్ ఇబ్ను హజర్ అస్ఖలానీ (రహ్మ) పేరు మదరసాలో చదివిన ప్రతివారికీ తెలుసు. ఆయన కుమార్తెలు ప్లేగుతో మరణించారు. ఆ వ్యాధిపై ఆయన ప్రత్యేకంగా 'బజ్లుల్ మాఊన్' అనే గ్రంథం రచించారు. హిజ్రీ 833లో కైరోలో ప్లేగు మొదలైనప్పుడు రోజుకు 40కి లోపే చనిపోతున్నారట. జనం మూడు రోజులు ఉపవాసాలుండి, ఎడారిలో గుమికూడి సామూహికంగా దుఆ చేసి వచ్చారు. నెల తిరగకముందే మరణాలు రోజుకు వెయ్యి దాటాయని ఆయన వ్రాశారు. దుఆ విశ్వాసి ఆయుధం. అందులో సందేహం లేదు. కాని ఎక్కడ, ఎలా దుఆ చేయాలన్నదానికి కూడా తెలివి కావాలి. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్‌తో సహా పెద్ద సంస్థలు ఇళ్ళలోనే నమాజు చేసుకోమని విజ్ఞప్తి చేయడానికి వెనక ఉన్నది ఈ అవగాహనే.

మస్జిదు కమిటీలు కొన్ని చిన్న పనులు చేయవచ్చు. వుజూ చేసేచోట సబ్బు పెట్టాలి. కుండ దగ్గర ఒకే గ్లాసు గొలుసుతో కట్టి ఉంచే పద్ధతి మానాలి. అందరూ పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలకు బదులు ఎవరి టోపీ వారు తెచ్చుకోమని చెప్పాలి. తివాచీలు ఎండలో వేయాలి. మక్తబులో పిల్లలు వేలు నాలుకపై తడి చేసుకొని ఖుర్ఆన్ పుటలు తిప్పుతుంటారు. అది ఖుర్ఆన్ మర్యాదకూ తగదు, ఆరోగ్యానికీ తగదు. ఉస్తాదులు మొదటి రోజే మాన్పించాలి. జ్వరమున్న పిల్లవాడు సబఖ్‌కు రాలేదని దండించకండి. పంపిన తల్లిదండ్రులకే నచ్చజెప్పండి.

పనిచోట: అసలు కష్టం ఇక్కడే

గుడ్లవల్లేరులో రైసు మిల్లు హమాలీకిగాని, పెడనలో కలంకారీ అద్దకం చేసే సోదరునికిగాని, బందరులో గోల్డ్ కవరింగు పనిచేసే సోదరికిగాని, దివిసీమ పొలాల్లో కోతకు వెళ్ళే కూలీకిగాని "జ్వరం వస్తే ఐదు రోజులు ఇంట్లో ఉండండి" అని చెప్పడం చాలా తేలిక. ఆ ఐదు రోజులు పొయ్యి ఎలా వెలుగుతుంది? పనికి వెళ్తే రోగం పదిమందికి పంచాలి, వెళ్ళకపోతే పిల్లలు పస్తుండాలి. ఈ ఇరుకులో ఉన్న మనిషికి పాఠం చెప్పి చేతులు దులుపుకోవడం ధర్మం కాదు. అతను ఇంట్లో ఉండగలిగేలా చేయడం మిగతావారి బాధ్యత.

మొదటి బాధ్యత యజమానిది. మీ కింద పనిచేసేవారు మీ సోదరులే, వారి శక్తికి మించిన భారం మోపవద్దు, మోపితే సాయపడండి అని ప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ). మన సోదరులలో బట్టల దుకాణాలు, మెకానిక్ షెడ్లు, బిర్యానీ హోటళ్ళు, టైలరింగు షాపులు నడిపేవారు ఎందరో ఉన్నారు. పనివానికి జ్వరమొస్తే రెండు మూడు రోజుల కూలి కోయకుండా ఇంటికి పంపండి. లెక్క చూసుకున్నా ఇది నష్టం కాదు. ఒక్కడు జ్వరంతో పనిలో ఉంటే వారంలో నలుగురు మంచం పడతారు. ఆ నలుగురిలో మీరూ ఒకరు కావచ్చు. హోటలులో వంట చేసేవారు, వడ్డించేవారు జలుబుతో ఉంటే ఎట్టి పరిస్థితిలోనూ ఆ పనిలో ఉంచకూడదు. వచ్చే గిరాకీల ఆరోగ్యం మీ చేతిలో అమానత్.

రెండవ బాధ్యత పొరుగువారిది. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గమనించమని హజ్రత్ అబూజర్ (రజి)కు ప్రవక్త (స) బోధించారు (ముస్లిం). జ్వరంతో ఇంట్లో ఉన్న కూలీ ఇంటికి రెండు పూటలా అన్నం గుమ్మం దగ్గర పెట్టి రావడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మూడవ బాధ్యత మస్జిదు బైతుల్‌మాల్‌ది. నిసాబ్ లేని పేద రోగికి జకాత్ ఇవ్వవచ్చు. అడిగేదాకా ఆగకుండా తెలుసుకొని ఇవ్వాలి. అడగలేనివారే మనలో ఎక్కువ.

ఇక పనిచేసే చోట అందరూ పాటించవలసినవి:

1. జ్వరం మందు వేసుకోకుండానే తగ్గి, 24 గంటలు గడిచేదాకా పనికి వెళ్ళవద్దు. తప్పనిసరైతే మాస్కు కట్టుకొని, ఎడంగా ఉండి చేసే పని అడిగి తీసుకోండి.

2. నోట్లు లెక్కపెట్టడానికి వేలు నాలుకపై తడి చేసుకోవడం మానండి. తడి స్పాంజి గల్లాపెట్టె పక్కన పెట్టుకోండి. డబ్బు లెక్కపెట్టిన చేత్తో తినుబండారం ముట్టుకోకండి.

3. అందరూ వాడే ఫోను, కత్తెర, పానా, కంప్యూటరు మీటలు, తలుపు పిడి రోజుకు ఒకసారైనా సబ్బునీటి గుడ్డతో తుడవండి.

4. పనిచోట ఒకే గ్లాసుతో నీళ్ళు, ఒకే కప్పుతో టీ పంచుకోకండి.

5. గుడివాడ, బందరు మధ్య రైలులోనో, బస్సులోనో, షేర్ ఆటోలోనో రోజూ తిరిగే ఉద్యోగులు, విద్యార్థులు ఫ్లూ కాలంలో మాస్కు జేబులో ఉంచుకోవాలి. కిటికీ తెరిచి ఉంచాలి. దారిలో, మెట్లపై ఉమ్మివేయకూడదు.

6. జలుబు ఉన్నప్పుడు నోటితో సలాం చెప్పి, ముసాఫహా చేయలేకపోతున్నానని చిరునవ్వుతో తెలపండి. ఎదుటివారు దాన్ని అవమానంగా తీసుకోకూడదు.

రోగి పరామర్శ

పరామర్శ ముస్లిం సోదరుని హక్కు. ఫ్లూ రోగి దగ్గరకు గుంపుగా వెళ్ళి గంటలకొద్దీ కూర్చోకండి. ఒకరిద్దరు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి, దుఆ చేసి, కావలసినవి అడిగి రావచ్చు. ఫోనులో పలకరించినా పరామర్శ ఉద్దేశం నెరవేరుతుంది. రోగి కూడా జ్వరాన్ని తిట్టకూడదు. కొలిమి ఇనుము తుప్పును పోగొట్టినట్టు జ్వరం పాపాలను పోగొడుతుందని ప్రవక్త (స) హజ్రత్ ఉమ్ముస్సాయిబ్ (రజి)కు తెలిపారు (ముస్లిం). రోగితో ఇంటివారు జాగ్రత్తగా ఉండాలేగాని, అతన్ని వెలివేసినట్టు చూడకూడదు. దూరం పాటించేది తుంపరల నుంచి, మనిషి నుంచి కాదు.

మందు, ఆహారం, టీకా

అల్లాహ్ ఏ రోగాన్నీ దానికి ఔషధం లేకుండా దింపలేదని హదీసు (బుఖారీ). ఫ్లూకు విశ్రాంతి, ఎక్కువగా నీళ్ళు, గోరువెచ్చని గంజి, జావ, జ్వరానికి పారాసెటమాల్ సాధారణంగా సరిపోతాయి. యవల జావ అయిన 'తల్బీనా' రోగి గుండెకు ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). తేనె దగ్గుకు ఉపశమనమిస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఆవిరి పట్టేటప్పుడు పిల్లలపై మరిగే నీళ్ళు ఒలకకుండా చూడాలి.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకోవడం మన ప్రాంతంలో పెద్ద అలవాటు. అవి వైరస్‌పై పనిచేయవు. ఫ్లూకు ప్రత్యేకమైన వైరస్ మందు డాక్టరు వ్రాస్తేనే వాడాలి. లక్షణాలు మొదలైన 48 గంటలలోపు మొదలుపెడితే అది ఎక్కువ మేలు చేస్తుంది. అందుకే గర్భిణులు, వృద్ధులు, దీర్ఘరోగులు ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

కాలువల ప్రాంతం గనుక మనకు దోమల జ్వరాలు కూడా ఉన్నాయి. దగ్గు, జలుబు లేకుండా తీవ్ర జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒంటిపై ఎర్రటి మచ్చలు ఉంటే డెంగీ కావచ్చు. పరీక్ష చేయించకుండా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోకండి. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలం కావడం, మనిషి మగతగా ఉండటం, పిల్లలు పాలు తాగకపోవడం, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టడం ప్రమాద సూచనలు. ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి.

ఫ్లూకు టీకా ఉంది. వైరస్ ఏటా రూపు మారుతుంది గనుక టీకా కూడా ఏటా వేయించుకోవాలి. ఆరు నెలలు నిండినవారినుంచి వేయవచ్చు. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. టీకా వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, కాని తీవ్రత తగ్గుతుంది. హజ్ యాత్రకు వెళ్ళే వృద్ధులకు ఈ టీకా వేయడం మన యాత్రికుల కుటుంబాలకు తెలిసిన విషయమే. సూదితో వేసే ఫ్లూ టీకాలు ఎక్కువగా కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో తయారవుతాయి. గుడ్డు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసు (తిర్మిజీ) ఇక్కడ గుర్తుంచుకోవాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మాస్కుతో నమాజు అవుతుందా?
జవాబు: అవుతుంది. కారణం లేకుండా నమాజులో నోరు కప్పుకోవడం మక్రూహ్. జబ్బువల్ల, జబ్బు భయంవల్ల కట్టుకుంటే దోషం లేదు.

ప్రశ్న: జ్వరంలో వుజూకు బదులు తయమ్ముమ్ చేయవచ్చా?
జవాబు: నీళ్ళు తగిలితే జబ్బు పెరుగుతుందని అనుభవంవల్లగాని, డాక్టరు మాటవల్లగాని గట్టిగా అనిపిస్తే చేయవచ్చు. వేడినీళ్ళతో హాని లేకుండా వుజూ చేయగలిగితే వుజూయే చేయాలి.

ప్రశ్న: రమజాన్‌లో టీకా వేయించుకుంటే రోజా భంగమవుతుందా?
జవాబు: కండకు వేసే సూదివల్ల రోజా భంగం కాదు. జ్వరం తీవ్రమై రోజా ఉంటే జబ్బు పెరిగేలా ఉంటే రోజా వదిలి, తర్వాత ఖజా చేసుకోవాలి.

పాఠం సారాంశం

అంటించేది, ఆపేది అల్లాహ్ ఆజ్ఞే. జాగ్రత్త కూడా ఆయన ఆజ్ఞే. తుమ్ముకు అడ్డు సున్నత్. చేతుల శుభ్రత ఈమాన్‌లో భాగమైన పరిశుభ్రతలోనిదే. జ్వరంతో ఇంట్లో ఉండటం తోటివారి హక్కు. అలా ఉండలేని పేదవానికి కూలి, అన్నం, మందు అందించడం మనందరి బాధ్యత. తనకు తాను హాని చేసుకోరాదు, పరులకు హాని చేయరాదు అన్న హదీసు సూత్రం (ఇబ్నుమాజా) ఈ పాఠమంతటికీ మూలం. ఈ వారమే మీ ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి తుమ్ము సున్నత్‌ను చేసి చూపించండి. మీ దగ్గర పనిచేసేవారికి, జ్వరం వస్తే కూలి కోయమని ముందే చెప్పి ఉంచండి.

అల్లాహ్ మన రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మన చేతుల నుండి, మన నోటి నుండి తోటివారిని సురక్షితంగా ఉంచే భాగ్యం మనకు కలిగించుగాక! ఆమీన్.